ఉత్తమ డిజిటల్ వార్తా పురస్కారానికి సిరొంచ నుంచి ఒక లేఖ

మహారాజశ్రీ ఉత్తమ డిజిటల్ వార్తా పురస్కారం వారి దివ్యసముఖానికి,

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి ఒక తెలుగు పాఠకుడు నమస్కరించి రాసేది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు. నేను చదివే వార్తల యాప్ నెత్తిన బంగారు రంగు బ్యానరై వెలిగిపోతున్నారు. ‘పాఠకులకు అత్యంత చేరువైన డిజిటల్ వేదిక’ అని మీ కింద రాశారు. పాఠకుణ్ణే కదా, నా వాటా అభినందనలు కూడా తీసుకుందామని బ్యానరు నొక్కాను. ‘మీ జిల్లా ఎంచుకోండి’ అంది. ఆదిలాబాద్ నుంచి అనంతపురం దాకా అన్నీ ఉన్నాయి, గడ్చిరోలి లేదు. చిట్టచివర ‘ఎన్నారై’ అని ఒకటుంది. గోదావరి వంతెన ఇవతలే ఉన్నాం కాబట్టి మేం అందులోకి వస్తామేమో తమరే సెలవివ్వాలి.

మా ఊరు తమకు తెలియకపోవచ్చు. ప్రాణహిత గోదావరిలో కలిసేది మా ముంగిటే. అవతలి ఒడ్డున కాళేశ్వరం, అంటే తెలంగాణ. ఇంట్లో, బజారులో తెలుగు. బడిలో, తహసీలు కచేరీలో మరాఠీ. పోనీ మరాఠీ సైట్లు చూద్దామంటే, వాటికి గడ్చిరోలి అంటే ఏళ్ల తరబడి ఎన్‌కౌంటరే. కాల్పులు లేని రోజున మాకు వార్తల్లో ఉండే అర్హత లేదు.

మీరు ఎవరింటికి ఎలా వెళ్తారో కాస్త ఆరా తీశాను. వాన్-ఇఫ్రా అనే ప్రపంచ వార్తా ప్రచురణకర్తల సంఘం దక్షిణాసియాకు విడిగా డిజిటల్ మీడియా అవార్డులు ఇస్తుంది. ఇక్కడ నెగ్గినవాళ్లు ప్రపంచ పోటీకి వెళ్తారు. పాడ్‌కాస్ట్‌కు ఒకటి, న్యూస్‌లెటర్‌కు ఒకటి, డేటాను బొమ్మల్లో చూపినందుకు ఒకటి, పాఠకుల్ని కట్టిపడేసినందుకు ఒకటి, ప్రకటనను వార్తలా వండి వడ్డించినందుకు కూడా ఒకటి. ఈ చివరిదానికి ఇంత బాహాటంగా బహుమతి ఇస్తారని తెలిశాక మీ నిజాయితీ మీద గౌరవం పెరిగింది. మీలో చాలామంది దగ్గరికి సంస్థే దరఖాస్తు పెట్టుకోవాలి, ఎంట్రీ ఫీజు కట్టాలి, తన గొప్పతనం తనే రాసుకోవాలి. పెళ్లికొడుకే కూర్చుని తన గుణగణాల మీద సర్టిఫికెట్ రాసుకున్నట్టు. పిల్ల తరఫువాళ్లను, అంటే మమ్మల్ని, అడిగేవాడు లేడు.

అడిగి ఉంటే నది పెరిగే రాత్రి గురించి చెప్పేవాణ్ణి. కరెంటు పోతుంది. సిగ్నల్ ఒక్క గీతకు దిగుతుంది. ఎగువ నుంచి ఎంత నీళ్లు వదిలారో చూద్దామని యాప్ తెరుస్తాను. ముందు నోటిఫికేషన్లకు అనుమతి అడుగుతుంది. తర్వాత హైదరాబాద్‌లో ముప్పై అంతస్తుల ఫ్లాట్ల వీడియో వస్తుంది. ముప్పై అంతస్తులంటే ఆ పూట నిజంగానే ఆశ పుడుతుంది. ఆ తర్వాత తమరు ప్రత్యక్షమవుతారు, బ్యానరంత వెడల్పున. తమరి వెనకాల ఎక్కడో వరద ఉంటుంది. తమర్ని మూసే గుర్తు మీద నా వేలు పడేలోపు పేజీ మళ్లీ మొదటికొస్తుంది. పాఠకుడు పేజీ మీద ఎంతసేపు గడిపాడో లెక్కగట్టి ఎంగేజ్‌మెంట్ అంటారట కదా. అయితే ఆ ట్రోఫీలో మా సిరొంచ సిగ్నల్‌కూ భాగం ఉంది.

గోదావరి మీద తెలంగాణ కట్టిన మేడిగడ్డ బరాజ్ సంగతే తీసుకోండి. 85 గేట్లు, 2019 జూన్ 21న ప్రారంభం. దాని ఒక కొస ఆనింది మా తాలూకా నేల మీదే. 2022 జూలై వరదలో ఆ బరాజ్ నీళ్లు ఎత్తిపోసే కన్నెపల్లి పంప్‌హౌస్ మునిగినప్పుడు మా యాప్‌లో ఎన్ని బొమ్మలో, ఎన్ని బాణం గుర్తులో! అదే వరదలో ఇవతలి ఒడ్డున మిరప, పత్తి చేలు మునిగాయి. ఏ దారి మూసుకుపోయింది, పంచనామాకు తలాఠీ, అంటే ఊరి రెవెన్యూ ఉద్యోగి, ఎప్పుడొస్తాడు, సాత్‌బారాలో, అంటే భూమి రికార్డులో, పేరున్నవాడికేనా, కౌలుకు చేసేవాడికీ ఏమైనా ఇస్తారా — ఇవేవీ లేవు. 2023 అక్టోబర్ 21న బరాజ్ పియర్, అంటే గేట్ల మధ్య స్తంభం, కుంగితే ఏ నాయకుడు ఏ నాయకుణ్ణి ఏమన్నాడో మినిట్ టు మినిట్ ఇచ్చారు. నీళ్లు నిలిచిన భూములకు పరిహారం కోసం సిరొంచ రైతులు దీక్షలు చేశారని అందులో ఒక్క మినిట్ కూడా పడలేదు. ‘మేడిగడ్డలో ఏం జరిగిందో తెలిస్తే షాకవుతారు’ అన్నది మాత్రం బాగా నడిచింది. మేం షాకవ్వలేదు, అక్కడే ఉన్నాం.

మీ వంశమంతా ఇంతేనని అనను. 2005లో కత్రినా తుఫానుకు న్యూ ఆర్లియన్స్ మునిగినప్పుడు అక్కడి టైమ్స్-పికయూన్ పత్రిక కొన్ని రోజులు అచ్చు వేయలేక వెబ్‌లోనే వచ్చింది. ఎక్కడ నీళ్లున్నాయి, ఎవరు చిక్కుకున్నారు అన్నది జనం అందులోనే చూసుకున్నారు. మరుసటి ఏడాది ప్రజాసేవకు అమెరికా పత్రికారంగపు పెద్ద బహుమతి పులిట్జర్ వచ్చిన పత్రికల్లో అదొకటి. అలాంటి ఇంటికి వెళ్లిన బహుమతికి నేనూ దండం పెడతాను.

మా దగ్గర వరద వార్త ఇచ్చేది బజారులోని రీచార్జి షాపు కుర్రాడు. కాళేశ్వరం ఘాట్ మెట్లు ఎన్ని మునిగాయో అవతలి ఒడ్డు చుట్టాలతో ఫోటో తీయించి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఫోటో కింద ఒక్క లైను, పక్కన టైము. ఒకసారి పాత ఫోటో ఎవరో ఫార్వర్డ్ చేస్తే గ్రూపులోంచి తీసేశాడు. ఇంత గట్టి ఎడిటర్‌ని నేనింకా చూడలేదు. నామినేట్ చేద్దామంటే మీ విభాగాల్లో ఎందులోనూ ఇమడడు. వెబ్‌సైట్ లేదు, ఫాలోవర్లు లేరు, ఎంట్రీ ఫీజు కట్టమంటే నన్నే షాపు మెట్లు దించేస్తాడు.

కాబట్టి నా మనవి ఒక్కటే. ఈసారి తమ జ్యూరీని స్టార్ హోటల్లో కూర్చోబెట్టకండి. జూలైలో సిరొంచకు పంపండి. గడ్చిరోలి నుంచి వస్తే ఆలాపల్లి మీదుగా ఎస్టీ బస్సు, అంటే మహారాష్ట్ర ఆర్టీసీ, అడవి దారి, గుంతలకు మాది పూచీ కాదు. వైఫై అడగొద్దు. షార్ట్‌లిస్ట్ అయిన ఒక్కో సైటునూ ఘాట్ దగ్గర నిలబడి వాళ్ల ఫోన్లోనే తెరవమనండి. రాత్రి భోజనం మా ఇంట్లోనే, మిరపకాయ పచ్చడి మాత్రం చూసి వేసుకోవాలి.

ఇట్లు,
తమ ‘అత్యంత చేరువైన’ పాఠకుడు,
సిరొంచ