సవరణ: పింగాణీ మీద చేర్యాల బొమ్మలు, ఓవెన్ లెక్క

మొన్నటి పోస్టులో, తెలంగాణ జానపద చిత్రకళ అయిన చేర్యాల బొమ్మలను పింగాణీ ప్లేటు మీద వేసి, రంగు వేసిన గంటకే దాన్ని వేడెక్కిన ఓవెన్‌లో పెట్టి 150 డిగ్రీల దగ్గర అరగంట ఉంచమని రాశాను. తప్పు నాదే. ఇళ్లల్లో వాడే పింగాణీ రంగుల సీసా మీది సూచనల ప్రకారం 24 గంటలు ఆరనివ్వాలి, చల్లటి ఓవెన్‌లోనే పెట్టాలి, వేడి 150కి చేరాకే 35 నిమిషాలు లెక్కపెట్టాలి. ఆపాక ప్లేటు లోపలే చల్లారాలి. తడి ఉండగా కాలిస్తే బుడగలొస్తాయి. చేర్యాల ఎరుపు నేపథ్యం మందంగా పూస్తాం కదా, ముందు చెడేది అదే. వేడి మించితే లేత రంగులు గోధుమ వన్నెకు తిరుగుతాయి.

కాలిస్తే రంగు "గట్టిపడుతుంది" అని ఆ పోస్టులో అన్న నా మాటను, ఆ ప్లేటులో తినొచ్చని కొందరు అర్థం చేసుకున్నారు. కాదు. గోడకు తగిలించే ప్లేట్లకు సరే. కప్పయితే బయటివైపే, పెదవి తగిలే అంచు వదిలేసి. సుమారు 800 డిగ్రీల బట్టీలో కాల్చే ఎనామెల్ రంగుల (గాజులా కరిగి పింగాణీకి అతుక్కునేవి) పద్ధతి వేరు.