జీతం పెరుగుతుంది సరే, గంటల లెక్క ఎవరు వేస్తున్నారు?

హైదరాబాద్‌లో ఎవరైనా ఐటీ ఉద్యోగం మారుతున్నారంటే మొదట ఎదురయ్యే ప్రశ్న ‘హైక్ ఎంత?’ అన్నదే. ముప్పై శాతమా, నలభై శాతమా అన్నది తెలియగానే నిర్ణయం అయిపోయినట్టే ఇంట్లోవాళ్లూ స్నేహితులూ మాట్లాడతారు. ఆఫర్ లెటర్ కూడా ఆ ధోరణికి తగ్గట్టే ఉంటుంది. బేసిక్, ఇంటి అద్దె భత్యం, స్పెషల్ అలవెన్స్, వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చే భాగం), యాజమాన్యం కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ అంటూ ప్రతిదీ రూపాయల్లో విడివిడిగా రాసి ఉంటుంది. పని గంటల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘వ్యాపార అవసరాలను బట్టి’ అనే ఒక్క మాటతో సరిపెడతారు. జీతానికి బదులుగా ఉద్యోగి ఇచ్చేది తన సమయాన్నే. ఆ సమయం ఎంతో తెలియకుండా జీతం ఎక్కువో తక్కువో ఎలా చెప్పగలం? కొత్త ఆఫర్ వచ్చినప్పుడు పాత జీతం పక్కన కొత్త జీతాన్ని పెట్టి చూస్తే చాలదనీ, ఇప్పటి రోజు పక్కన రాబోయే రోజును పెట్టి చూడాలనీ, ఆ లెక్క సంతకం పెట్టే వ్యక్తి ఒక్కరే వేసుకునేది కాదనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నగరానికి తూర్పున ఉన్న ఉప్పల్‌లో ఉంటున్న ఒక ఉద్యోగికి ఇప్పుడు నెలకు 1,05,000 రూపాయలు చేతికి వస్తున్నాయనుకుందాం. వారంలో ఐదు రోజులు, రోజుకు తొమ్మిది గంటల పని. మూడు రోజులు ఇంటి నుంచే చేసుకోవచ్చు, ఆఫీసుకు వెళ్లే రెండు రోజుల్లో రానూపోనూ గంటన్నర చొప్పున పడుతుంది. అంటే వారానికి 48 గంటలు, నాలుగు వారాల నెలకు 192 గంటలు. గంటకు దాదాపు 547 రూపాయలు పడుతున్నట్టు. ఇప్పుడు నగరానికి పడమర ఉన్న నానక్‌రామ్‌గూడలోని ఒక కంపెనీ నుంచి 1,40,000 రూపాయలు చేతికొచ్చే ఆఫర్ వచ్చింది. అంటే మూడో వంతు పెరుగుదల. కానీ ఐదు రోజులూ ఆఫీసుకు రావాలి, పని రోజుకు పదిన్నర గంటలు సాగుతుంది. నాగోల్ నుంచి వచ్చే మెట్రో రాయదుర్గం దగ్గరే ఆగిపోతుంది కాబట్టి అక్కడి నుంచి మళ్లీ క్యాబ్ కోసమో బస్సు కోసమో చూసుకుంటూ రోజుకు మూడు గంటలు రోడ్డు మీదే పోతాయి. పైగా వారంలో మూడు రాత్రులు గంట చొప్పున అమెరికా కాల్స్. మొత్తం వారానికి 70 గంటల 30 నిమిషాలు, నెలకు 282 గంటలు. గంటకు వచ్చేది దాదాపు 496 రూపాయలు. నెల జీతం 35,000 పెరిగింది, గంట జీతం యాభై రూపాయలు తగ్గింది. ఇంకో రకంగా చూస్తే, అదనంగా ఇచ్చే 90 గంటలకు అదనంగా వచ్చేది 35,000 మాత్రమే కాబట్టి, ఆ సాయంత్రాలను గంటకు 389 రూపాయల లెక్కన అమ్ముకుంటున్నట్టు. అంటే ఇప్పుడు పగటి పూట చేసే పనికి దొరుకుతున్న ధర కూడా వాటికి దొరకడం లేదు.

అంకెలు ఒక్కొక్కరికి ఒక్కో విధంగా ఉంటాయి. ఈ ఉదాహరణలో ఇల్లు ఉప్పల్‌లో కాక నానక్‌రామ్‌గూడకు దగ్గరి మణికొండలో ఉండి ఉంటే ఫలితమే మారిపోయేది. అందుకే ఈ లెక్క ఎవరికి వారు కాగితం మీద వేసుకోవలసిందే. ప్రయాణాన్ని పని గంటల్లో కలపకూడదని కొందరంటారు. ఉద్యోగం కోసం కాకపోతే సాయంత్రం ఆరున్నరకు గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద ఎవరూ సరదాగా నిలబడరు కాబట్టి కలపాలనే నేనంటాను.

లెక్క సరిగ్గా రావాలంటే సీటీసీ (ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) అనే పెద్ద అంకెను ముందు పక్కన పెట్టాలి. అందులో యాజమాన్యం కట్టే పీఎఫ్ వాటా ఉంటుంది, చాలాచోట్ల గ్రాట్యుటీ కింద పక్కన పెట్టే మొత్తమూ, గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియమూ ఉంటాయి. వేరియబుల్ పే పూర్తిగా వస్తుందన్న హామీ ఉండదు. జాయినింగ్ బోనస్‌కు సాధారణంగా ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు ఉంటుంది. అంటే కొత్త చోట రోజు భరించలేనిదిగా తేలినా బయటపడే దారి కొంతకాలం మూసుకుపోతుంది. వదిలి వెళ్లే చోట పోగొట్టుకునేదీ ఉంటుంది. శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే ఐదేళ్ల నిరంతర సేవ కావాలి. బేసిక్ 60,000 ఉన్నవారికి ఐదేళ్లకు, ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున, 1,73,000 రూపాయల పైచిలుకు వస్తుంది. నాలుగేళ్ల మూడు నెలలకు మానేస్తే ఏమీ రాదు. అలాగే తల్లిదండ్రులకు కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా మామూలుగా చివరి పని రోజుతోనే ముగుస్తుంది. కొత్త కంపెనీ తల్లిదండ్రులను చేర్చుకుంటుందో లేదో అడగకుండా రాజీనామా మెయిల్ పెట్టేవారు ఇంట్లో డయాలసిస్‌లో ఉన్న నాన్న సంగతి ఒకసారి ఆలోచించాలి.

ఇక రాత్రి కాల్స్ విషయం కొంచెం దగ్గరగా చూడాలి. గ్లోబల్ కేపబిలిటీ సెంటర్ల పేరుతో విదేశీ కంపెనీలు హైదరాబాద్‌లో వరుసగా తెరుస్తున్న కార్యాలయాల్లో జీతాలు బాగుంటాయి, పనిలో నేర్చుకునేదీ ఉంటుంది. కానీ గడియారం అక్కడిది. న్యూయార్క్‌లో ఉదయం పది గంటల సమావేశమంటే మనకు వేసవిలో రాత్రి ఏడున్నర. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పగానే అదే సమావేశం మనకు ఎనిమిదిన్నరకు జరుగుతుంది, మార్చి దాకా అలాగే ఉంటుంది. అక్కడి వాళ్ల దినచర్యలో ఏ మార్పూ ఉండదు. ఇక్కడ మాత్రం పిల్లవాడికి అన్నం పెట్టే వేళ, హోంవర్క్ చూసే వేళ, నిద్రపుచ్చే వేళ అన్నీ గంట పక్కకు జరగాలి. పసిఫిక్ తీరపు టీమ్ అయితే అక్కడి ఉదయం తొమ్మిది మనకు రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. ‘అప్పుడప్పుడూ కొంచెం ఓవర్‌ల్యాప్ ఉంటుంది’ అని ఇంటర్వ్యూలో తేలిగ్గా చెప్పే మాట కింద ఉన్న సంగతి ఇది.

శరీరం దీనికి చెల్లించే ధర గురించి తగినంత సమాచారమే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెకు రక్తం అందక వచ్చే జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. మన ఊళ్లోనే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆస్పత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకున్నట్టు, 71 శాతం మందికి ఊబకాయం ఉన్నట్టు తేలింది. గంటల తరబడి కూర్చోవడం, వేళకు తినకపోవడం, నిద్ర చాలకపోవడం కొత్త ఉద్యోగంతో మొదలైనవి కావు. కానీ అవి పెరుగుతాయా తగ్గుతాయా అన్నది ఎంచుకునే ఉద్యోగం మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఇక 2023లో ఇన్ఫోసిస్ సహ వ్యవస్థాపకుడు నారాయణమూర్తి వారానికి 70 గంటలు పనిచేయాలని, 2025 ఆరంభంలో ఎల్‌అండ్‌టీ అధినేత సుబ్రహ్మణ్యన్ 90 గంటలని అన్నప్పుడు దేశమంతా చర్చ జరిగింది. ఆ చర్చలో పని చేసేవాళ్ల ఓపిక గురించి విన్నంతగా, ఆ గంటల్లో ఇంటిని ఎవరు నడుపుతారన్న ప్రశ్న వినిపించలేదు.

నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. ఆఫర్ మీద సంతకం పెట్టేది ఒకరు, దాని గంటలు మోసేది మరొకరు. కేంద్ర గణాంక శాఖ 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనికి ఆ పని చేసే మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. భర్త ఉదయం ఎనిమిదికి వెళ్లి రాత్రి తొమ్మిదికి తిరిగొచ్చే ఉద్యోగంలో చేరితే ఆ 88 నిమిషాల్లో కూడా చాలా భాగం భార్య ఖాతాలోకి చేరుతుంది. ఆమె కూడా ఉద్యోగస్తురాలైతే, కొంతకాలానికి తన ఆఫర్‌నో ప్రమోషన్‌నో వదులుకునేది ఆమే అవుతుంది. లేదంటే గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న అత్తగారో అమ్మో తన ఇల్లు, తన ఇరుగుపొరుగు, తన గుడి వదులుకుని నగరంలో పదో అంతస్తు ఫ్లాట్‌కు వచ్చి మనవళ్లను చూసుకోవాలి. ఆ పెద్దావిడ శ్రమకు ఏ హైక్ లెక్కలోనూ చోటుండదు. కుటుంబంలో ఒకరి జీతం పెరగడం కోసం మరొకరి రోజు కుంచించుకుపోతుంటే, నిర్ణయం తీసుకునే ముందు ఆ రెండో మనిషి మాట వినడం కనీస న్యాయం.

ఉద్యోగం మారే స్త్రీల విషయంలో ఇంకొక మెలిక ఉంది. చట్టం ప్రసూతికి 26 వారాల వేతన సెలవు ఇస్తుంది గానీ, కాన్పు అంచనా తేదీకి ముందు పన్నెండు నెలల్లో ఆ యాజమాన్యం దగ్గర కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలని షరతు పెడుతుంది. పెళ్లయిన అమ్మాయి ఆఫర్ తీసుకునేటప్పుడు ఈ తేదీల లెక్క మనసులో వేసుకోక తప్పని పరిస్థితి మగవాడికి ఎన్నడూ రాదు.

ఇన్ని చెప్పాక రెండో వైపు బలాన్ని తగ్గించి చూపడం అన్యాయమవుతుంది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన అబ్బాయికి నెలకు 35,000 అదనమంటే నాన్న వ్యవసాయ అప్పు తీరడం, చెల్లెలి చదువు ఆగకపోవడం. అతనికి ‘సాయంత్రాలు కాపాడుకో’ అని సలహా ఇచ్చే హక్కు, ఆ అప్పు వడ్డీ కట్టని వాళ్లకు లేదు. ఇరవై నాలుగేళ్ల ఒంటరి యువకుడు రెండు మూడేళ్లు కష్టపడి మంచి పని నేర్చుకోవాలనుకోవడంలోనూ తప్పేమీ లేదు. డబ్బుతో కొంత సమయాన్ని కొనుక్కోవచ్చు కూడా. వంటమనిషిని పెట్టుకోవచ్చు, ఆఫీసుకు దగ్గరగా అద్దెకు మారవచ్చు. పోతే, ఇప్పుడున్న ఉద్యోగం సుఖంగా ఉంది కదా అని ఉండిపోవడం భద్రత అని కూడా చెప్పలేం. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు రెండు శాతం, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించినప్పుడు మధ్య, పై స్థాయుల వారిపైనే ఎక్కువ ప్రభావం ఉంటుందని చెప్పింది. పాత టెక్నాలజీ మీద ఖాళీ సాయంత్రాలతో పదేళ్లు గడిపిన మనిషికి నలభై ఏళ్ల వయసులో ఒక్కసారిగా అన్ని సాయంత్రాలూ ఖాళీ అయిపోవచ్చు. అందుకని కొత్త చోట నేర్చుకునే పనికి కూడా విలువ కట్టాలి. నా ఉద్దేశంలో పెరిగే జీతం కన్నా ఇదే బలమైన కారణం. అప్పు తీర్చడమో, పని నేర్చుకోవడమో ఈ రెండింటిలో ఒకటి స్పష్టంగా లేనప్పుడు, చిన్నపిల్లలో మంచాన పడ్డ పెద్దవాళ్లో ఉన్న ఇంట్లో నుంచి రోజుకు నాలుగు గంటలు తీసుకుపోయే ఆఫర్‌ను కేవలం హైక్ కోసం ఒప్పుకోవడం మంచిది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

చట్టం అండగా ఉంటుందని ఆశపడే పరిస్థితి ప్రస్తుతం కనిపించడం లేదు. తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో వాణిజ్య సంస్థల్లో, దుకాణాలను మినహాయించి, వారానికి 48 గంటలు దాటకుండా రోజుకు పది గంటల వరకు పని చేయించుకోవడానికి అనుమతించింది. ఐటీ సంస్థలకు దుకాణాలు, సంస్థల చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపులు ఇదివరకే ఉన్నాయి. పని వేళల తర్వాత ఫోన్‌కు, మెయిల్‌కు జవాబివ్వకుండా ఉండే హక్కు ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి ఉంది. మన దగ్గర ఎంపీ సుప్రియా సూలే అటువంటి ప్రైవేటు సభ్యుల బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టారు గానీ అది చట్టం కాలేదు. కాబట్టి ఆ హద్దు గీసుకునే భారం ఉద్యోగి మీదే పడుతోంది.

ఆ హద్దు గీయడానికి ఉద్యోగికి నిజంగా పలుకుబడి ఉండే కాలం చాలా చిన్నది. ఇంటర్వ్యూలు పూర్తయి ఆఫర్ చేతికొచ్చిన రోజు నుంచి సంతకం పెట్టే రోజు వరకే. హెచ్‌ఆర్‌తో ఆ కొద్ది రోజులనూ ఇంకో లక్ష పెంచమని బేరమాడడానికే చాలామంది ఖర్చు చేసేస్తారు. ‘ఇక్కడ వర్క్ లైఫ్ బ్యాలెన్స్ ఎలా ఉంటుంది?’ అని అడిగితే ‘చాలా బాగుంటుంది’ అనే జవాబే వస్తుంది. దానికి బదులు ‘నిన్న మీ టీమ్‌లో చివరి మీటింగ్ ఎన్నింటికి ముగిసింది?’, ‘ఈ స్థానంలో ముందున్న వ్యక్తి ఎన్నాళ్లు పనిచేశారు, ఎందుకు వెళ్లారు?’, ‘శనివారం ప్రొడక్షన్‌లో, అంటే వాడుకలో ఉన్న సిస్టమ్‌లో, సమస్య వస్తే ఫోన్ ఎవరికి వస్తుంది, నెలలో ఎన్ని వారాలు?’ అని అడగాలి. ఈ ప్రశ్నలు హెచ్‌ఆర్‌ను కాకుండా రేపు మేనేజర్ కాబోయే వ్యక్తిని అడగాలి, వీలైతే అదే టీమ్‌లో పనిచేస్తున్న ఒకరిని విడిగా అడగాలి. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని అని నోటిమాటగా చెబితే దాన్ని మెయిల్‌లో రాసి ఇమ్మనాలి. రాసి ఇవ్వడానికి వెనకాడిన మాట చేరిన మూడో నెలలో నిలబడదు. తొంభై రోజుల నోటీసు పీరియడ్‌ ఉన్నవాళ్లకు ఇవన్నీ కనుక్కునే వ్యవధి కావలసినంత ఉంటుందనుకుంటారు గానీ, రాజీనామా ఇచ్చేశాక అడిగే ప్రశ్నకు, ఇవ్వకముందు అడిగిన ప్రశ్నకు ఉన్నంత బరువు ఉండదు. అందుకే ఈ సంభాషణలన్నీ పాత కంపెనీకి మెయిల్ పెట్టకముందే, ఇంట్లో అందరూ కూర్చుని కొత్త రోజు ఉదయం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా ఎలా గడుస్తుందో మాట్లాడుకున్న తర్వాతే ముగియాలి.