పుట్టింట్లోనే కనుమరుగైన జిన్‌సెంగ్

మన మెడికల్ షాపుల్లో మల్టీవిటమిన్ డబ్బాల మీద జిన్‌సెంగ్ అనే మందు వేరు పేరు తరచూ కనిపిస్తుంది. అసలు సిసలు జిన్‌సెంగ్ ఎక్కడిదని అడిగితే ఇవాళ వచ్చే జవాబు కొరియా, లేదంటే ఈశాన్య చైనాలోని చాంగ్‌బాయ్ కొండలు. 1,500 ఏళ్ల కిందట చైనా వైద్యుణ్ని అడిగి ఉంటే ముందుగా షాంగ్‌డాంగ్ అనేవాడు. అది షాన్‌షీ ప్రావిన్స్‌లో ఇప్పటి చాంగ్‌జీ ప్రాంతం. అక్కడ ఇప్పుడు అడవి జిన్‌సెంగ్ లేదు.

అసలు అక్కడ ఎప్పుడూ లేదని, డాంగ్‌షెన్ అనే వేరే మొక్కనే పూర్వులు జిన్‌సెంగ్ అన్నారని ఒక వాదన ఉంది. ఇది నాకు మింగుడుపడదు. 1061లో చైనా పండితుడు సు సాంగ్ కూర్చిన సచిత్ర ఔషధ గ్రంథంలో ఈ మొక్క వర్ణన చూడండి. చిన్నప్పుడు ఒకటే రెమ్మ, దానికి ఐదాకులు. పదేళ్లకు మూడు రెమ్మలు, బాగా ముదిరితే నాలుగు. నడుమ నుంచి ఒక కాడ లేస్తుంది. కాయలు పండితే ఎర్రబడతాయి. షాంగ్‌డాంగ్ ప్రాంతపు లూజౌ పేరుతో ఉన్న బొమ్మ కూడా ఈ వర్ణనకు సరిపోతుంది. డాంగ్‌షెన్ అయితే గంటల్లాంటి పూలు పూసే తీగ. రెండింటినీ పక్కపక్కన పెడితే పొరబడే అవకాశమే లేదు. (అదే గ్రంథంలో మరికొన్ని ఊళ్ల పేరుతో వేసిన బొమ్మలు మాత్రం జిన్‌సెంగ్‌వి కావు. కల్తీ కొత్తదేం కాదు.)

మరి ఏమైపోయింది? జిన్‌సెంగ్‌కు చెట్ల నీడ, తేమ ఉండాలి. 11వ శతాబ్దంలోనే షెన్ కువో అనే చైనా పండితుడు, సిరా తయారీకి పైన్ చెట్లను కాల్చి కాల్చి తైహాంగ్ కొండల దాకా బోడి చేశారని రాశాడు. షాంగ్‌డాంగ్ ఉన్నది ఆ తైహాంగ్ కొండల్లోనే. 1596లో అచ్చయిన, వైద్యుడు లి షిజెన్ ఔషధ గ్రంథంలో మాట ఇంకా సూటిగా ఉంటుంది: లూజౌ జనం ఈ వేరును తమ ఊరికి పట్టిన పీడగా భావించి తవ్వడం మానేశారు, ఇప్పుడు వాడేదంతా ఈశాన్యాన ఉన్న లియావో ప్రాంతపు సరుకే. అడవి తరిగింది. పైనుంచి రాజుకు ఈ వేరునే కప్పంగా కట్టాలి. దొరకని వేరు కోసం కొండలెక్కాల్సిన రైతుకు అది పీడ కాక మరేమిటి?

అందుకే పాత గ్రంథాల్లోని 'పుట్టిన చోటు' వివరాలను వృక్షశాస్త్ర పటంలా చదవకూడదని నా అభిప్రాయం. సరుకు ఏ దారిన వచ్చేదో, ఆ దారి ఎవరి గుప్పిట్లో ఉండేదో అవి ఎక్కువగా చెబుతాయి. ఔషధ గ్రంథకర్త తావో హాంగ్‌జింగ్ (456–536) రుచిలో షాంగ్‌డాంగ్ వేరుదే పైచేయి అంటూనే, తన చుట్టూ జనం మెచ్చేది కొరియాలోని పెక్చే రాజ్యపు వేరునని రాశాడు. ఆయనది దక్షిణ రాజ్యం. షాంగ్‌డాంగ్ ఉత్తరాన 'వేయ్' అనే రాజ్యం చేతిలో ఉండేది. మెప్పు వెనుక ఉన్నది అందుబాటేనని నా అనుమానం. తర్వాత ఈశాన్యాన మంచూరియా నుంచి వచ్చి చైనాను ఏలిన చింగ్ వంశ పాలకులు తమ అడవుల్లోని జిన్‌సెంగ్ మీద గుత్తాధిపత్యం పెట్టుకున్నారు. ఖాళీ అయిన షాంగ్‌డాంగ్ పేరు డాంగ్‌షెన్‌కు దక్కింది. 1757 నాటి ఔషధ గ్రంథంలో అది విడిగా నమోదైంది.

గ్రంథాలను కాక నేలను చూసినవాడు జార్తూ. కాంగ్‌షీ చక్రవర్తి కోసం దేశ పటం గీస్తున్న ఈ ఫ్రెంచ్ జెసూట్ క్రైస్తవ మతగురువు 1709లో మంచూరియాలో ఈ మొక్కను చూశాడు. ఇది 39, 47 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య పెరుగుతుందని లెక్కగట్టాడు. షాంగ్‌డాంగ్ సుమారు 36 డిగ్రీల దగ్గర ఉంది. అంటే అప్పటికే అది పటంలోంచి జారిపోయింది. ఇలాంటి కొండలు, అడవులు కెనడాలోనూ ఉన్నాయి కాబట్టి అక్కడా దొరకవచ్చని జార్తూ ఒక ఉత్తరంలో ఊహించాడు. ఆ ఉత్తరం చదివిన లాఫితో అనే మరో జెసూట్ 1716లో కెనడాలోని మాంట్రియల్ దగ్గర స్థానిక మోహాక్ ప్రజల సాయంతో దాని దగ్గరి చుట్టాన్ని పట్టుకున్నాడు. 1784లో అమెరికా నుంచి చైనా చేరిన తొలి వాణిజ్య నౌకలో దాదాపు 30 టన్నుల జిన్‌సెంగ్ ఉంది. 1975 నుంచి ఆ అమెరికా మొక్క కూడా అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది.