సవరణ: డాల్ సిగరెట్ మానేసింది డాక్టర్ల స్టడీ చూసి కాదు

సిగరెట్ తాగే డాక్టర్లు పేషెంట్లకి మానమని చెప్పడం మీద మొన్న పెట్టిన పోస్టులో, రిచర్డ్ డాల్ (సిగరెట్‌కీ లంగ్ క్యాన్సర్‌కీ ఉన్న లింకు బయటపెట్టిన బ్రిటిష్ డాక్టర్) బ్రిటిష్ డాక్టర్ల స్టడీ రిజల్ట్స్ చూసి సిగరెట్ మానేశాడు అని ఉంది కదా, ఆ లైన్ తీసేశా. ఆయన అంతకన్నా ముందే మానేశాడు. 1950లో వచ్చిన లండన్ హాస్పిటల్స్ పేషెంట్ల స్టడీ ఇంకా నడుస్తుండగానే మానేశాడు. అందులో లంగ్ క్యాన్సర్ వచ్చిన 649 మంది మగవాళ్ళలో సిగరెట్ అలవాటే లేనివాళ్ళు ఇద్దరంటే ఇద్దరు, అది చూశాక ఎవరు మాత్రం అంటిస్తారు. (మొదట్లో లంగ్ క్యాన్సర్‌కి కారణమని ఆయన అనుమానం రోడ్ల మీద వేసే తారు మీద అంట!)

డాక్టర్ల స్టడీ, అంటే డాక్టర్లకి లెటర్లు రాసి వాళ్ళ సిగరెట్ అలవాట్లు అడగడం, మొదలైంది 1951లో, స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫర్డ్ హిల్‌తో కలిసి. డాక్టర్లనే ఎందుకు తీసుకున్నారు అని ఇద్దరు ముగ్గురు అడిగారు, వాళ్ళు ఎక్కువ తాగుతారని కాదండీ, పేర్లు మెడికల్ రిజిస్టర్‌లో ఉంటాయి కాబట్టి ఏళ్ళ తరబడి ఫాలో అవ్వడం తేలిక, అంతే.

ఇంకోటి, సిగరెట్ మానేస్తే "పదేళ్ళ ఆయుష్షు తిరిగొస్తుంది" అన్నది అందరికీ కాదు. అదే డాక్టర్ల స్టడీ 2004 రిపోర్ట్ ప్రకారం 30 ఏళ్ళకి మానేస్తే దాదాపు 10 ఏళ్ళు, 40కి 9, 50కి 6, 60కి మానినా ఒక 3. కాబట్టి మీ డాక్టర్ బయట టీ కొట్టు దగ్గర దమ్ము కొడుతూ దొరికినా సరే ఈ లెక్క మారదు, ఆయనకీ ఇదే లెక్క.