బ్రయంట్‌ను వదిలేశారు సరే, బ్రెగ్‌మన్ ఎలా వచ్చాడు?

మేజర్ లీగ్ బేస్‌బాల్ డ్రాఫ్ట్ (కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం; ఒక్కో వంతు ఒక పిక్) వచ్చిందంటే చాలు, హ్యూస్టన్ ఆస్ట్రోస్ అభిమానుల్లో పాత మాటొకటి మళ్లీ తిరగడం మొదలవుతుంది. “2012, 2013, 2014... వరసగా మూడేళ్లు మొదటి పిక్ మనదే. పనికొచ్చింది ఒక్కడు. క్రిస్ బ్రయంట్‌ను చేజేతులా వదులుకున్నారు. అంతెందుకు, మైక్ ట్రౌట్ 25వ పిక్ దాకా మిగిలిపోయాడంటేనే ఈ స్కౌట్లకు (ఆటగాళ్లను వెతికేవాళ్లకు) కళ్లు లేవని తెలియట్లేదా? మనం కూర్చుని ఎంచినా ఇంతకంటే నయం.”

తర్వాత మేటి ఆటగాడిగా ఎదిగిన ట్రౌట్ సంగతి ముందు తేల్చేద్దాం. 2009లో ఏంజెల్స్ జట్టు అతన్ని తీసుకునేలోపు 24 పేర్లు వెళ్లిపోయాయి, నిజమే. స్కౌట్లను వెనకేసుకొచ్చేవాళ్లు దీనికి ఒక జవాబు చెబుతుంటారు: ఆ ఏంజెల్స్ కూడా ముందు రాండల్ గ్రిచక్‌ను తీసుకున్నాకే ట్రౌట్‌ను తీసుకున్నారు కదా అని. ఆ వాదన నాకు నచ్చదు. 24, 25 రెండు పిక్‌లూ వాళ్లవే అయినప్పుడు ఎవరి పేరు ముందు చదివితే ఏంటి? ఆలోచించాల్సింది అతని ఊరి గురించి. న్యూజెర్సీలోని మిల్‌విల్. చలి వదిలేసరికి హైస్కూల్ సీజన్ సగం అయిపోతుంది. ఎదురుగా గట్టి పిచర్లు (బంతి విసిరేవాళ్లు) తక్కువ. ఫ్లోరిడా, కాలిఫోర్నియా కుర్రాళ్లనైతే ఏడాది పొడుగునా చూడొచ్చు. ఇతన్ని చూసింది తక్కువ కాబట్టి నమ్మిందీ తక్కువ. దాన్ని అతిజాగ్రత్త అనండి, ఒప్పుకుంటాను. గుడ్డితనం అనకండి.

ఇక 2012. ఉన్నవాళ్లలో మేటిని వదిలి చవకగా వచ్చే కార్లోస్ కొరియాను తీసుకున్నారని అప్పట్లో గొడవ. డబ్బు లెక్క తెలియకే ఈ మాట. ఐపీఎల్ వేలంలో పర్సు ఉన్నట్టే ఇక్కడా ప్రతి జట్టుకూ బోనస్ కోటా (కొత్తవాళ్లకు సంతకం పెట్టినందుకు ఇచ్చే డబ్బుకు పరిమితి) ఉంటుంది. ఒకడి దగ్గర మిగిల్చింది ఇంకొకడికి పెట్టుకోవచ్చు. ఆ ఏడు మొదటి పిక్‌కు కేటాయించింది 72 లక్షల డాలర్లు. కొరియా 48 లక్షలకే సంతకం పెట్టాడు. మిగిలిన దాంట్లోంచి 41వ పిక్ అయిన పిచర్ లాన్స్ మెకల్లర్స్‌కు 25 లక్షలిచ్చారు, ఆ స్థానానికి ఉన్నదానికి దాదాపు రెట్టింపు. ఆ డబ్బు లేకపోతే అతను కాలేజీకి వెళ్లిపోయేవాడే అనుకోవాలి. 2017 అమెరికన్ లీగ్ ఫైనల్ సిరీస్‌లో యాంకీస్ మీద ఏడో మ్యాచ్ చివరి నాలుగు ఇన్నింగ్స్ వేసింది అతనే. ఆఖరి 24 బంతులూ వరసగా కర్వ్‌బాల్సే (ఒంపు తిరిగే బంతులే)! ఏం వస్తుందో తెలిసి కూడా కొట్టలేకపోయారు. కాబట్టి 2012 పిక్‌ను కొరియా ఒక్కడితో కొలిస్తే సగం లెక్కే.

2013కి వస్తే, పిచర్ మార్క్ అపెల్‌ను తీసుకున్నారు. తర్వాతి పిక్‌తో చికాగో కబ్స్ జట్టు బ్రయంట్‌ను పట్టుకెళ్లారు. 2016లో బ్రయంట్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు), కబ్స్ చాంపియన్లు. అపెల్ మేజర్ లీగ్ మెట్టెక్కడానికి 2022 దాకా పట్టింది, అదీ ఫిలడెల్ఫియా తరఫున. దెబ్బ తిన్నారు, దాపరికం ఏమీ లేదు. కానీ బ్రయంటే మేటి అని “అందరికీ తెలుసు” అన్నది మాత్రం అబద్ధం. అంతకుముందు ఏడాదే అపెల్‌ను మొదటి పిక్‌గా తీసుకోలేదని తిట్టిన నోళ్లు తక్కువేం కాదు.

అసలు తమాషా 2014లో ఉంది. మొదటి పిక్‌గా తీసుకున్న బ్రేడీ ఏకెన్‌కు 65 లక్షల డాలర్లు ఇస్తామని మాట అయింది. వైద్య పరీక్షలో మోచేతి లిగమెంట్ మీద అనుమానం వచ్చి జట్టు రేటు తగ్గించింది, కుర్రాడు సంతకం పెట్టలేదు. “మొదటి పిక్‌ను గాలికొదిలేశారు” అన్నారు. వదిలేయలేదు. సంతకం కుదరకపోతే మరుసటి ఏడు ఒక స్థానం కింద పరిహారపు పిక్ వస్తుంది. అలా 2015లో దొరికిన రెండో పిక్‌తోనే, తర్వాత జట్టు స్టార్ అయిన అలెక్స్ బ్రెగ్‌మన్ వచ్చాడు. ఈలోపు, ఆ మార్చిలోనే ఏకెన్ మోచేతికి సర్జరీ అయింది. మేజర్ లీగ్ దాకా అతను రాలేదు. ఇదంతా ముందే ఊహించి చేశారని చెప్పను, అదృష్టమూ కలిసొచ్చింది.

అయితే ఆ ఏడాది విషయంలో తిట్టాల్సింది ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ షేర్ చేయరు. ఏకెన్ సంతకం పెట్టకపోవడంతో అతని స్థానానికున్న 79 లక్షలూ కోటాలోంచి ఎగిరిపోయాయి. దాంతో ఐదో రౌండ్‌లో తీసుకున్న జేకబ్ నిక్స్‌కు ఒప్పుకున్న 15 లక్షలు కూడా ఇవ్వలేదు. తన తప్పేమీ లేకుండా ఆ కుర్రాడు ఒప్పందం పోగొట్టుకున్నాడు. ఆస్ట్రోస్‌ను నిలదీయాలంటే అక్కడ నిలదీయాలి.

చివరగా, “2020 తర్వాత కొత్తవాళ్లే రావట్లేదు, డ్రాఫ్ట్ చేయడం మర్చిపోయారు” అన్న కొత్త తోక. ప్రత్యర్థి క్యాచర్ పిచర్‌కిచ్చే సిగ్నళ్లు ఆస్ట్రోస్ దొంగిలించిన కేసులో 2020, 2021 రెండేళ్లూ మొదటి, రెండో రౌండ్ పిక్‌లు లీగ్ కమిషనర్ లాగేసుకున్నాడు. లేని పిక్‌తో స్కౌట్లు ఎవర్ని తీసుకుంటారు?