దస్తావేజు భాష గారికి ఒక ఫ్లాటు ఓనర్ ఉత్తరం

మహారాజశ్రీ దస్తావేజు భాష గారి సముఖానికి,

అయ్యా, నేను మీకు తెలీకపోవచ్చు కానీ మీరు నాకు బాగానే తెలుసు, పోయిన నెల సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా వేపచెట్టు కింద డాక్యుమెంట్ రైటర్ గారు నా ఫ్లాటు కాగితాలు చదివి వినిపిస్తున్నప్పుడు మొదటిసారి మీ నిండు విగ్రహం దర్శనమైంది. చదవడం అంటే మామూలు చదవడం కాదు, పెళ్ళిలో పంతులు గారు లగ్నం దాటిపోతోందని మంత్రాలు లాగించేస్తారే అలాగ. రెండు పేజీలకి ఒక్క ఫుల్‌స్టాప్, అదీ టైపింగ్‌లో పొరపాటున పడిందేమో అని నా అనుమానం.

మధ్యలో ఒకచోట ఆపి అడిగాను, ఏవండీ ఈ "నిధి నిక్షేప జల పాషాణ అక్షిణి ఆగామి సిద్ధ సాధ్యములనెడి అష్టభోగ స్వామ్యములతో" అంటే ఏంటండీ అని. ఆయన కళ్ళజోడు మీంచి చూసి "అన్నిట్లో ఉండేదే" అన్నారు. ఇంటికొచ్చి కూర్చుని వెతికితే తేలిందేంటంటే నేల కింద దొరికే లంకెబిందెలు, నీళ్ళు, రాళ్ళు, ఇప్పుడొచ్చే ఆదాయం, రేపొచ్చే ఆదాయం, అన్నీ నావేనట. రాజులు అగ్రహారాలు దానం చేసినప్పుడు రాగిరేకుల మీద చెక్కించిన లిస్టు అది. బానే ఉంది కానీ స్వామీ, నాది నాలుగో అంతస్తు. నా నేల కింద ఉన్నది మూడో అంతస్తు వాళ్ళ ఫాల్స్ సీలింగు. అందులో నిధి దొరికితే నాకిస్తారా వాళ్ళు? జలం సంగతంటారా, వారానికి మూడు ట్యాంకర్లు కొనుక్కుంటున్నాం. ఒక్క పాషాణం మాత్రం నిజం, బాల్కనీ పెచ్చులూడి చేతికే వస్తోంది. పైగా దీన్ని నేను "ఆచంద్రార్కము, పుత్రపౌత్ర పారంపర్యముగా", అంటే సూర్యచంద్రులున్నంత కాలం, అనుభవించాలట, బిల్డరేమో లీకేజీకి ఏడాదే గ్యారంటీ అన్నాడు.

మా పక్క ఫ్లాటు మాస్టారు ఉన్నారు, ఈ గోలంతా తురకపదాల వల్లే, అవి పీకేసి అచ్చ తెలుగు పెడితే సరిపోతుంది అంటారు. నేను ఒప్పుకోను. కంపెనీ దొరలు 1837లోనే చట్టం చేసి కోర్టుల్లోంచి ఫారసీని పంపించేశారు, కానీ రసీదు, నకలు, వకీలు, హాజరు, జామీను ఇవన్నీ మన నోళ్ళలో ఉండిపోయాయి కదా, ఎక్కడి మాటైతేనేం, పొలం ఎవరిదో పంటేంటో రాసే అడంగల్ అంటే మా ఊళ్ళో మేకలు కాసుకునే వాడికి కూడా తెలుసు, తెలంగాణలో పహాణీ అన్నా అంతే. ఆఖరికి ఫసలీ అనే పంటల సంవత్సరం లెక్క కూడా రైతులకి అలవాటైపోయింది, 2024 జూలై ఒకటి నుంచి 1434 ఫసలీ అని, అది మొదలైన మామూలు సంవత్సరంలోంచి 590 తీసేస్తే చాలు. అక్బరు కాలం నాటి లెక్క అయినా జనం వాడుకుంటున్నారు, అది కష్టమైన మాట కాదు. వాళ్ళ నోట్లో లేనిదీ, మీ నోట్లోంచి మాత్రమే వచ్చేదీ కష్టం. "లగాయతు" (నుంచి), "మజ్కూరు" (పైన చెప్పిన) లాంటి ముసలాళ్ళని ఎలాగోలా భరిస్తాం గానీ వాళ్ళని తీసేసి సంస్కృతం దింపి ఇదిగో తెలుగు చేశాం అంటే ఎలా అండీ?

మీ తమ్ముడొకడు సెక్రటేరియట్‌లో ఉన్నాడు కదా, జి.ఓ. తెలుగు. అధికార భాషా చట్టం వచ్చింది 1966లో, అప్పట్నుంచీ ఉత్తర్వులు తెలుగులో ఉండాలనే మాట వింటూనే ఉన్నాం. ఉన్నాయి, కొన్ని. "పైన ఉదహరించిన సూచికలను పురస్కరించుకొని తగు చర్య నిమిత్తము ఇందుమూలముగా ఆదేశించడమైనది" అని ఉంటుంది, ఎవరు ఆదేశించారు, ఎవర్ని, ఎప్పటిలోగా, ఏమీ ఉండదు. "ఆదేశించడమైనది", "పరిగణించబడినది", "తిరస్కరించబడినది". అన్నీ వాటంతట అవే అయిపోతాయి, వాన పడినట్టు. ఇందులో పెద్ద తెలివుంది లెండి, చేసినవాడు వాక్యంలో లేకపోతే రేపు అడగడానికి మనిషి దొరకడు. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి ఫొటోకి దండేస్తారు, వాడుక భాష కోసం ఆయన పోట్లాడింది వీళ్ళలాంటి వాళ్ళతోనే, అయినా ఆ రోజు ఫంక్షన్‌కి పంపే సర్క్యులర్ కూడా "విచ్చేయవలసినదిగా కోరడమైనది" అనే.

మీ ఇంగ్లీషు అన్నయ్య ఏమైనా తక్కువా అంటే అదీ లేదు. 2017లో హిమాచల్ హైకోర్టు తీర్పు ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్తే, ఇందులో ఏం రాశారో మాకు అర్థం కావట్లేదు మళ్ళీ రాయండి అని వెనక్కి పంపించారు. 2021లో అదే హైకోర్టు తీర్పు ఇంకోటి చదివాక తలకి టైగర్ బామ్ రాసుకోవాల్సొచ్చిందని సుప్రీంకోర్టు జడ్జి గారొకరు కోర్టులోనే అన్నారు. ఆయనకి బామ్ అయినా ఉంది, ఆ తీర్పు మీద బతుకు ఆధారపడ్డవాడి తలకి ఏం రాయాలి? మనకి ఈ కోర్టులన్నీ అంటగట్టిన ఇంగ్లండు వాళ్ళేమో 1999లో సివిల్ రూల్స్ తిరగరాసుకుని, జనానికి అర్థం కావట్లేదని, దావా వేసినవాణ్ణి పిలిచే ప్లెయింటిఫ్ అనే మాటనే తీసేసి క్లెయిమెంట్ అని పెట్టుకున్నారు. మనం మాత్రం వాళ్ళు పారేసిన సామాను తుడిచి పెట్టుకుంటున్నాం.

ఇవన్నీ నవ్వుకునే సంగతులే, మీ మీద నాకు అసలు కోపం మా మామ్మ దగ్గర మొదలైంది.

మామ్మకి ఎకరం ఇరవై సెంట్లు ఉండేది. నా తర్వాత మా పెద్దాడికి అని విల్లు రాద్దామనుకుంది. విల్లయితే మనిషి పోయాకే అమల్లోకొస్తుంది, బతికుండగా మనసు మారితే మార్చి రాసుకోవచ్చు. మీరు రాయించింది దాన సెటిల్‌మెంటు. అది ఆ రోజే అయిపోయినట్టు, వెనక్కి తీసుకోవడం దాదాపు కుదరదు, చూసుకుంటామని షరతు పెట్టి రాయించుకుని చూడకపోతే తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం కింద దరఖాస్తు చేసుకోవచ్చంటారు, మీరు ఆ షరతూ రాయలేదు. "నేటి దినమే మీకు స్వాధీనపరచినాను, ఇకమీదట నాకు గానీ నా తరపు వారికి గానీ ఎట్టి హక్కు లేదు, ఎప్పుడైనా ఆక్షేపణ చేసిననూ అట్టిది చెల్లనేరదు" అని చదివారు. మామ్మ తలూపింది. ఏమర్థమైంది మామ్మా అంటే "చెల్లుద్ది అన్నాడు కదరా" అంది.

మరుసటేడు కౌలు డబ్బులు అడిగితే "నీ పేరున లేదు కదమ్మా" అన్నాడు మా పెదనాన్న. ఆయన మంచివాడే, అప్పుల్లో ఉన్నాడంతే. కానీ ఆ రోజు ఆ కాగితం మొదటి లైన్లో "ఈ రోజు నుంచి ఈ పొలం మీది కాదమ్మా" అని ఒక్క ముక్క రాసుంటే, ఇంకు ప్యాడ్ దాకా వెళ్ళిన వేలు చటుక్కున వెనక్కొచ్చేది. దానికి అష్టభోగాలూ చంద్రుడూ సూర్యుడూ ఏమీ అక్కర్లేదు, ఏడు మాటలు చాలు. అన్ని పేజీల్లో ఆ ఏడు మాటలకే చోటు లేకపోయింది మీకు.

నా ఫ్లాటు కాగితం మీద నేనూ సంతకం పెట్టేశాను లెండి, ఏం చేస్తాం, బ్యాంకు వాడు లోన్ ఇవ్వడు కదా. మార్చి రాయమంటే రైటర్ గారు "మీ ఇష్టం, రేపు ఏదన్నా తేడా వస్తే నన్నడక్కండి" అన్నారు, ఆ మాటతో నోరు మూతపడింది. నాకే భయం వేసింది, అర్థమయ్యేట్టు రాస్తే చెల్లదేమో అని. చూశారా మీ మహిమ.

ఇట్లు, సదరు నాలుగో అంతస్తు అష్టభోగి.

సాక్షులు: 1. వేపచెట్టు కింద టీ కొట్టాయన. 2. జిరాక్స్ షాపు కుర్రాడు. ఇద్దరూ నాకు పరిచయం లేదు, ఉత్తరంలో ఏముందో వాళ్ళకీ తెలీదు. మామ్మ కాగితం మీద సాక్షి సంతకాలు పెట్టినవాళ్ళూ ఇలాంటివాళ్ళే.