ఒప్పందం ఢిల్లీది, నష్టం కూలీది

స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాల మీద వరసగా సంతకాలు పడుతున్నాయి. 2022లో యూఏఈ, ఆస్ట్రేలియాలతో కుదిరాయి. 2024 మార్చిలో స్విట్జర్లాండ్, నార్వే ఉన్న నాలుగు దేశాల కూటమితో, 2025 జులైలో బ్రిటన్‌తో కుదిరాయి. సంతకం పడిన ప్రతిసారీ ఎగుమతులు ఎంత పెరుగుతాయో, కొనేవాడికి ఏ సరుకు చవకవుతుందో కేంద్రం వివరంగా చెబుతుంది. ఇక్కడ ఏ పరిశ్రమ దెబ్బతింటుందో, ఎంతమందికి పని పోతుందో, వాళ్లకు ఏం చేస్తామో ఆ ప్రకటనల్లో వెతికినా దొరకదు. ఈ లోపం ఎంత ఖరీదైనదో తెలుగువాళ్లకు వేరే దేశం చూసి నేర్చుకోవలసిన అవసరం లేదు. మన వంటింట్లోని నూనె చాలు.

1986లో కేంద్రం నూనెగింజల టెక్నాలజీ మిషన్ మొదలుపెట్టింది. ఏడెనిమిదేళ్లలోనే దేశం తనకు కావలసిన నూనెను దాదాపు పూర్తిగా తానే పండించుకునే స్థితికి వచ్చింది. అందులో రాయలసీమ రైతు చెమట చాలా ఉంది. ఉమ్మడి అనంతపురం దేశంలోకెల్లా ఎక్కువ విస్తీర్ణంలో వేరుశనగ వేసిన జిల్లా. ఆ పంట ఇచ్చే పని చేనుతో అయిపోయేది కాదు. కాయలు వలిచే మిల్లులో, విత్తనాలు ఏరే దగ్గర, నూనె మిల్లులో, వేరుశనగ చెక్క బస్తాలు లారీకెక్కించే దగ్గర కూలీలు ఉండేవారు. ఏరే పని ఎక్కువగా ఆడవాళ్లది. ఎండాకాలంలో పొలం పనులు లేనప్పుడు ఇల్లు గడిచేది ఆ కూలితోనే.

1994లో పామాయిల్ దిగుమతిని ప్రైవేటు వ్యాపారులకు తెరిచారు. మొదట 65 శాతం సుంకం పెట్టారు. 1998కల్లా దాన్ని 15 శాతానికి దించారు. చవక నూనె ఓడల్లో దిగింది. ఇప్పుడు దేశం ఏటా 160 లక్షల టన్నుల దాకా వంటనూనె బయట కొంటోంది. మన వాడకంలో ఇది సగానికి పైగా. వేరుశనగ సాగు కుదించుకుపోవడానికి వరస కరవులూ, తెగుళ్లూ కారణమే, కాదనలేం. కానీ పంట బాగా పండిన ఏడు కూడా మిల్లు గిట్టుబాటు కాకపోవడానికి కారణం కరవు కాదు. సీమ పట్టణాల్లో నూనె మిల్లులు ఒకదాని వెనక ఒకటి మూతపడుతుంటే అక్కడి కూలీలు బెంగళూరు బిల్డింగ్ పనులకు బస్సెక్కారు. వాళ్ల పేర్లు ఏ ప్రభుత్వ రికార్డులోనూ ‘దిగుమతి బాధితులు’గా రాసి లేవు.

ఇంత జరిగాక, 2009 ఆగస్టు 13న బ్యాంకాక్‌లో ఇండొనేసియా, మలేసియా ఉన్న ఆగ్నేయాసియా కూటమి ఆసియాన్‌తో సరుకుల వాణిజ్య ఒప్పందం మీద కేంద్రం సంతకం చేసింది. 2010 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనల ప్రకారం పామాయిల్‌పై మనం 300 శాతం దాకా సుంకం వేసుకోవచ్చు. అంత హక్కు చేతిలో ఉండగా, ముడి పామాయిల్‌పై 37.5 శాతం, శుద్ధి చేసినదానిపై 45 శాతం మించబోమని 2019 చివరికల్లా అమలయ్యేలా ఇండొనేసియా, మలేసియాలకు మాటిచ్చాం. కేరళలో వామపక్షాలు 2009 అక్టోబర్ 2న రాష్ట్రం పొడవునా మానవహారం కట్టాయి. రబ్బరు, మిరియాలు, కొబ్బరి రైతులు ఏమైపోతారని అడిగాయి. ఢిల్లీ వినలేదు.

ఒప్పందాన్ని సమర్థించేవారు ఒక మాట అంటారు. కేంద్రం వసూలు చేసిన సుంకం చాలా ఏళ్లు ఆ పరిమితి కంటే తక్కువే కదా, 2008లో ధరలు మండినప్పుడు ఒప్పందం లేకుండానే ముడినూనెలపై సుంకం సున్నా చేశారు కదా, మరి నేరం ఒప్పందానిదెలా అవుతుందని. ఇందులో నిజముంది. మన ప్రభుత్వాలు తమంతట తాము చేసిన నష్టం తక్కువేం కాదు. అయితే సొంతంగా తగ్గించిన సుంకాన్ని రైతులు, కార్మికులు ఒత్తిడి తెస్తే తిరిగి పెంచవచ్చు. ఒప్పందంలో రాసిచ్చిన పరిమితిని శాశ్వతంగా దాటాలంటే అవతలి దేశం ఒప్పుకోవాలి. ఓటరు మాట చెల్లే చోటును ముందే తగ్గించుకోవడం ఇది. మా అభ్యంతరం ప్రధానంగా ఇక్కడే.

కాకినాడ వెళ్లి చూస్తే దీని రెండో ముఖం కనబడుతుంది. ఓడరేవు పక్కన ముడి పామాయిల్ తెచ్చి శుద్ధి చేసే రిఫైనరీలున్నాయి. ముడినూనెకూ శుద్ధి చేసిన నూనెకూ సుంకంలో తేడా బాగా ఉంటేనే అవి నడుస్తాయి. 2019లో మలేసియాతో ఉన్న విడి ఒప్పందం వల్ల అక్కడి శుద్ధి చేసిన పామోలిన్‌పై సుంకం మిగతావారికంటే ముందే 45 శాతానికి దిగింది. దిగుమతి పోటెత్తింది. ఆ సెప్టెంబర్‌లో కేంద్రం 5 శాతం తాత్కాలిక అదనపు సుంకం వేసి కట్టడి చేయవలసి వచ్చింది. ఇంకో దారి నేపాల్. అక్కడ ఆయిల్ పామ్ తోటలు లేవు. అయినా దక్షిణాసియా దేశాల ఒప్పందం కింద సుంకం లేకుండా అక్కడి నుంచి మన దేశానికి శుద్ధి చేసిన నూనె వస్తోంది. సరుకు పుట్టిందెక్కడో తేల్చే నిబంధన ఎంత పలచగా ఉందో దీన్నిబట్టే తెలుస్తుంది. మన రిఫైనరీ సగం సామర్థ్యంతో నడిస్తే ముందు పని పోయేది కాంట్రాక్టు కార్మికుడికే. ఆ ఉద్యోగానికి నోటీసు ఉండదు, పరిహారం ఉండదు.

ఇప్పుడు ఆయిల్ పామ్ సంగతికి వద్దాం. 2021లో కేంద్రం 11,040 కోట్లతో జాతీయ మిషన్ ప్రకటించి, తోటలు వేయమని రైతులను ప్రోత్సహించింది. దేశంలో పండే పామాయిల్‌లో అత్యధిక భాగం ఏలూరు, గోదావరి ప్రాంతాలదీ, ఉమ్మడి ఖమ్మందీ. 2022 వేసవిలో టన్ను గెలల ధర 20 వేల రూపాయలు దాటింది. ఏడాది తిరిగేసరికి 13 వేల దరిదాపులకు పడింది. 2024 సెప్టెంబర్‌లో ముడి పామాయిల్‌పై మూల సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచితే ధర కోలుకుంది. 2025 మే నెలాఖరున దాన్ని పదికి కోశారు. నాటిన మొక్క కాపుకొచ్చేదాకా నాలుగేళ్లు కాచుకునే రైతుకు, ఏడాదికోసారి మారే సుంకం ఏం భరోసా ఇస్తుంది? గెల కోసే కూలీకి టన్నుల లెక్కన కూలి. ధర పడిపోతే రైతు ముందు తగ్గించేది తోట పనులే. అశ్వారావుపేట, దమ్మపేట వైపు ఎవరిని అడిగినా ఈ టెన్షన్ గురించే చెబుతారు.

చవక నూనె పేదవాడికి మేలు కాదా? మేలే. ప్యాకెట్ మీద పది రూపాయలు తగ్గితే కూలీ ఇంట్లో తేడా తెలుస్తుంది. కానీ 2022 ఏప్రిల్ చివర్లో ఇండొనేసియా తన దేశంలో నూనె కొరత అంటూ పామాయిల్ ఎగుమతి ఆపేసినప్పుడు ఏమైందో గుర్తుండాలి. నిషేధం నెల కూడా లేదు. అంతలోనే ఇక్కడ మార్కెట్ హడలిపోయింది. మన మిల్లులూ, మన పంటా ఉంటే ఆ దెబ్బ అంత తగిలేది కాదు. కూలి పోగొట్టుకున్న మనిషికి చవక ప్యాకెట్ ఎంతకాలం చవక?

ఒప్పందాలన్నీ చెడ్డవని మేం అనడం లేదు. బ్రిటన్ మన రొయ్యల మీద సుంకం ఎత్తేస్తే గోదావరి జిల్లాల చెరువులకూ, ప్రాసెసింగ్ ప్లాంట్లలో తలలు తీసే మహిళలకూ పని దొరుకుతుంది. 2025లో అమెరికా మన సరుకుపై 50 శాతం సుంకాలు వేసినప్పుడు ఆ చెరువులు ఎంత కుదేలయ్యాయో చూశాం కాబట్టి, ఒక్క మార్కెట్ మీదే ఆధారపడటం ప్రమాదమనీ తెలుసు. అదే అమెరికా ఇప్పుడు తన సోయాకు, మొక్కజొన్నకు మన తలుపులు తెరవమంటోంది. రొయ్య కోసం మొక్కజొన్న రైతును వదులుకోవాలా అన్నది వాణిజ్య శాఖ అధికారులు నాలుగు గోడల మధ్య తేల్చే విషయం కాకూడదు.

ఎదురు నిలబడితే ఫలితం ఉంటుందనడానికి ఆసియాన్, చైనా, న్యూజిలాండ్ వంటి దేశాలతో ప్రతిపాదించిన ఆర్‌సెప్ వాణిజ్య కూటమి సాక్ష్యం. 2017 జులైలో ఆ చర్చల 19వ విడత హైదరాబాద్‌లో జరిగింది. లోపల పత్రాలు గోప్యం, బయట రైతు, ప్రజా సంఘాల నిరసన. పాడి రైతులు, పాల సహకార సంఘాలు, చిన్న పరిశ్రమలు న్యూజిలాండ్ పాలపొడి, చైనా సరుకు గురించి పట్టువదలకుండా అడిగాయి. 2019 నవంబర్ 4న బ్యాంకాక్‌లో భారత్ ఆ కూటమిలో చేరబోమని చెప్పింది. ప్రభుత్వం ఏళ్ల తరబడి చర్చించినదాన్ని జనం ఆపగలిగిన అరుదైన సందర్భం అది.

రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో 14వ అంశం. విదేశీ ఒప్పందాలు కేంద్ర జాబితాలో 14వ అంశం. పంట రాష్ట్రానిది, దాని ధరను మార్చే సంతకం కేంద్రానిది. సంతకానికి పార్లమెంటు ఆమోదం కూడా అక్కర్లేదు. ఐరోపాలో ఇలాంటి ఒప్పందాలకు యూరోపియన్ పార్లమెంటు సమ్మతి కావాలి. మన దగ్గర కనీసం ముసాయిదాను సంతకానికి ముందే పార్లమెంటు ముందు పెట్టాలి. సంబంధిత పంటలు, పరిశ్రమలున్న రాష్ట్రాల శాసనసభల అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోవాలి. ఏ రంగంలో ఎన్ని పనులు పోతాయో అంచనా వేసి బయటపెట్టాలి. దిగుమతుల వల్ల పని పోయిన కార్మికుడికి సాయం చేసే చట్టాన్ని అమెరికా 1962లోనే తెచ్చుకుంది. దిగుమతి సుంకాల ఆదాయంలో కొంత పక్కన పెడితే అలాంటి నిధి మనకూ సాధ్యమే. రైతుతోపాటు మిల్లు హమాలీ, తోట కూలీ కూడా దానికి అర్హులు కావాలి.

ఆసియాన్‌తో మన వాణిజ్య లోటు 2010-11లో 500 కోట్ల డాలర్లు. 2022-23లో 4,300 కోట్ల డాలర్లు దాటింది. ఆ ఒప్పందాన్ని సమీక్షించే చర్చలు కొన్నేళ్లుగా సాగుతున్నాయి. పామాయిల్ మీద పరిమితి ఎత్తివేత, దక్షిణాసియా ఒప్పందంలో నేపాల్ దారిని మూసేలా సరుకు పుట్టిన చోటును తేల్చే గట్టి నిబంధన, ధర పడినప్పుడు దానంతట అదే పెరిగే సుంకం: ఈ మూడింటినీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు కలిసి లిఖితపూర్వకంగా కేంద్రం ముందు పెట్టాలి. నీళ్ల విషయంలో ఎన్ని గొడవలున్నా, ఆయిల్ పామ్ రైతు, కూలీల విషయంలో రెండు రాష్ట్రాల ప్రయోజనం ఒక్కటే. సమీక్ష ముగిశాక ఢిల్లీకి లేఖ రాసి లాభం లేదు.